అప్పలసూరికి చోటు దొరికింది

బతికున్న మనిషి కంటే సిమెంటు మనిషి ఊరికి వెయ్యిరెట్లు మేలు! ఈ మాట నేను ఆవేశంలో అనడం లేదు. పొద్దున్నే కాఫీ తాగి, కళ్లజోడు తుడుచుకుని, బాగా ఆలోచించే అంటున్నాను.

ఏం, కాదంటారా? బతికున్నవాడు నీళ్లడుగుతాడు. కరెంటడుగుతాడు. రేషన్ కార్డులో పేరు తప్పు పడిందని ఆఫీసు మెట్లమీద పొద్దస్తమానం కూర్చుంటాడు. సిమెంటు మనిషి ఇన్నేళ్లలో ఒక్క అర్జీ పెట్టాడా? ఎండలో నిలబెడితే నిలబడతాడు. వానొస్తే తడుస్తాడు. తలమీద కాకి వాలినా "ఇదేమిటండీ" అని కార్పొరేటర్ని అడగడు. ఇంతటి ఉత్తమ పౌరుణ్ణి మీ వీధిలో ఇంకెవరినైనా చూపించండి, నేను ఈ కాలమ్ రాయడం మానేస్తాను.

ఇక ఆయన చేసే సేవలంటారా? ద్వారకా నగర్‌లో కొత్తగా బస్సు దిగిన కుర్రాడికి కోచింగ్ సెంటరుకి దారి ఎలా చెబుతాం? "చెయ్యెత్తినాయన దగ్గర కుడికి తిరుగు, పుస్తకం పట్టుకున్నాయన దగ్గర ఎడమకి తిరుగు" అంటాం. మీలో ఎవరైనా పరాయి పిల్లల చదువుకోసం ముప్పయ్యేళ్లు చెయ్యెత్తి నిలబడగలరా? నాకైతే మూడు నిమిషాలకే భుజం పట్టేస్తుంది. పైగా విగ్రహం ఉన్నచోట బస్సైనా లారీ అయినా స్లో అయి, చుట్టూ తిరిగి, గౌరవంగా వెళ్లాలి. అడ్డంగా నిలబడితే మిమ్మల్నీ నన్నూ హారన్ కొట్టి తిడతారు. ఆయన అడ్డంగా నిలబడితే దాన్ని జంక్షన్ అంటారు!

అయినా ఊళ్లో విగ్రహాలు ఎక్కువైపోయాయని సణిగేవాళ్లు ఉన్నారు. అలాంటివాళ్ల కళ్లు తెరిపించడానికే గాజువాక పక్కనున్న అప్పలసూరిపేట సంగతి చెబుతాను. ముఖ్యంగా అక్కడి సన్యాసమ్మ సంగతి.

అప్పలసూరిపేటలో మెయిన్ రోడ్డూ రెండో వీధీ కలిసేచోట, కరెంటు స్తంభం పక్కన, ఒక పదడుగుల జాగా ఉండేది. ఆ జాగాలో గోనెపట్టా పరుచుకుని సన్యాసమ్మ ముప్పయ్యేళ్లుగా చోడి అంబలి, అంటే రాగి అంబలి, అమ్మింది. ఒక కుండలో అంబలి, ఒక కుండలో మజ్జిగ, పళ్లెంలో ఉల్లిపాయ ముక్కలూ ఊరమిరపకాయలూ. ఎ-షిఫ్టుకి, అంటే పొద్దుటి షిఫ్టుకి, వెళ్లే స్టీలు ప్లాంటు కాంట్రాక్టు కూలీలు నిలబడే తాగేసి, మూతి తుడుచుకుని బస్సెక్కేవాళ్లు. ఆమెకు ముందు అదే జాగాలో ఆమె తల్లి అమ్మింది. తల్లికి ముందు అక్కడ తల్లి తండ్రి పాక ఉండేది. ఆయన పేరు అప్పలసూరి.

అవును, ఆ అప్పలసూరే! పేటకు పేరిచ్చిన మనిషి. హార్బరు తవ్వుతున్న రోజుల్లో శృంగవరపుకోట వైపు నుంచి పెళ్లాంతో కాలినడకన వచ్చి, ముళ్లపొదలు కొట్టి, అక్కడ మొట్టమొదటి పాక వేసినవాడు. ఇప్పుడక్కడ నాలుగువేల గడపలున్నాయి. ఆయన మనవరాలు మాత్రం ఆ పేటలోనే, కొండవాలున, రేకుల గదిలో అద్దెకుంటోంది. ఆ పదడుగుల జాగాకి కూడా ఆమె దగ్గర కాగితం లేదు. పట్టా కోసం తల్లి తిరిగింది, తానూ తిరిగింది, తిరగడం వల్ల ఇద్దరికీ మోకాళ్లు అరిగాయి తప్ప ఇంకేమీ జరగలేదు. ఆ జాగా ఉంటే ఆమెకు పూట గడుస్తుంది. లేకపోతే గడవదు. అంతకుమించి ఆమె జీవితంలో పెద్ద సమస్యలు లేవు.

సమస్య వచ్చింది భీమశంకరరావు గారికి. ఈయన ప్లాంటులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. సొంతూరు గోదావరి జిల్లా. ముప్పయ్యయిదేళ్ల కిందట ఉద్యోగానికొచ్చి, రెండో వీధి మొదట్లో స్థలం కొని, రెండంతస్తుల మేడ కట్టుకున్నారు. ముందు పోర్టికో, పోర్టికో చుట్టూ క్రోటన్ కుండీలు, గేటుమీద రెండు సింహాలు. ఒకరోజు పొద్దున్నే లేచి చూస్తే సింహాలకు వెనకగా, పోర్టికో గోడమీద నిలువునా ఎర్రరంగు గీత ఉంది. రోడ్డు వెడల్పు చేస్తారట! గీతకి ఇవతలున్నదంతా, అంటే పదకొండు అడుగులు, సింహాలతో సహా పోతుందట.

ఆ రోజు ఆయన అన్నం తినలేదు. పేపర్లన్నీ సంచీలో వేసుకుని ప్లాన్లు గీసే ఆఫీసుకి వెళ్లారు. అక్కడ ఒక పెద్దమనిషి జాలిపడి పెద్ద షీటు బల్లమీద పరిచి చూపించాడు. రోడ్డు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా పోతోంది. ఒక్కచోట మాత్రం మోచెయ్యిలా వంగింది.

"ఇక్కడెందుకండీ వంగిందీ?" అన్నారు భీమశంకరరావు గారు.

"అక్కడ విగ్రహం ఉందండీ."

"ఇళ్లేమీ లేవాండీ?"

"ఉంటాయండీ, ఎందుకుండవు? రోడ్డు ఇళ్లకి వంగదండి. విగ్రహానికైతే వంగుతుంది."

చూశారా! వేదాలు చదివినవాళ్లకి కూడా ఇంత సూటిగా ఉపదేశం దొరకదు. భీమశంకరరావు గారు తిరుగుబస్సులో కిటికీ పక్కన కూర్చుని, దారిలో వచ్చిన ప్రతి విగ్రహానికీ చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకుంటూ ఇంటికి వచ్చారు. ఆ ఆదివారానికల్లా ఆయన పోర్టికోలోనే విగ్రహ ప్రతిష్ఠాపన కమిటీ ఏర్పడింది. ఇందులో చేరడానికి ఒకటే అర్హత, ఇంటిగోడమీద ఎర్రగీత ఉండాలి. గీత ఎంత లోపలికి పడితే పదవి అంత పెద్దది. పదకొండు అడుగుల భీమశంకరరావు గారు అధ్యక్షులు. తొమ్మిదడుగుల గంగాధరరావు, అంటే జిరాక్సు షాపాయన, కార్యదర్శి. రెండడుగులవాళ్లు ఉత్త సభ్యులు.

ఎవరి విగ్రహం పెట్టాలన్నది పెద్ద చర్చ. దేశనాయకులందరూ పక్క జంక్షన్లలో అప్పటికే నిలబడి ఉన్నారు. రాష్ట్రనాయకుల్లో ఒకరిని పెడితే ఇంకొకరి మనుషులు ఊరుకోరు. దేవుణ్ణి పెడదామంటే పూజారిని పెట్టాలి, నైవేద్యం పెట్టాలి, ఏ దేవుడన్న దగ్గర మళ్లీ తగువు. అప్పుడు గంగాధరరావుకి తన షాపు బోర్డు కళ్లబడింది. "మన పేటకి పేరిచ్చినాయన ఎవరో ఉంటాడు కదండీ?" అన్నాడు.

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. భీమశంకరరావు గారైతే ముప్పయ్యయిదేళ్లుగా అడ్రసులో ఎ.ఎస్. పేట అనే రాస్తున్నారు. ఎ.ఎస్. అంటే మనిషని ఆయనకు ఎప్పుడూ తట్టలేదు! తీరా ఆలోచిస్తే అప్పలసూరి అంతటి యోగ్యుడు మరొకడు లేడు. ఏ పార్టీలోనూ లేడు. ఎవరినీ తిట్టలేదు. ఫొటో లేదు. చచ్చిపోయి చాలాకాలమైంది. మహాపురుషుడికి ఇంతకంటే ఏం కావాలి?

మర్నాడు తెల్లచొక్కాలు వేసుకున్న నలుగురు పెద్దలు తన గోనెపట్టా ముందు నిలబడేసరికి సన్యాసమ్మ కుండలు దగ్గరికి లాక్కుంది. ఖాళీ చెయ్యమనడానికే వచ్చారనుకుని కుండలమీద చెయ్యేసి కూర్చుంది.

"అమ్మా సన్యాసమ్మా, అప్పలసూరి గారు మీకేమవుతారమ్మా?" అన్నారు భీమశంకరరావు గారు.

తాత పేరు వెనక 'గారు' అని వినడం ఆమెకు అదే మొదలు. "మా తాత బాబూ. మాయమ్మకి నాయిన. ఏటి, ఏటైనాది?"

"ఏం కాలేదమ్మా. ఆయనకి విగ్రహం పెడదామనుకుంటున్నామండి."

సన్యాసమ్మ చేతిలో ముంత కింద పెట్టేసింది. "మా తాతకి బొమ్మా! నిజ్జంగానా బాబూ? ఆడు సచ్చిపోనాడని పక్కింటోళ్లే కబురెట్టలేదు. మీరు బొమ్మెడతన్నారా?" అని నిలువునా ఏడ్చింది. కమిటీవారికి కూడా కళ్లు చెమర్చాయి. వాళ్లు చెడ్డవాళ్లు కారు, గోడలున్నవాళ్లు అంతే.

"వారి పాక ఎక్కడుండేదో ఏమైనా గుర్తుందామ్మా? సరిగ్గా అక్కడే పెడితే ఆయనకి గౌరవంగా ఉంటుందండి."

"తెల్దా ఏటి నాకు! ఇక్కడే బాబూ. ఇదిగో, నాను కూకున్నకాడే. పొయ్యి ఇటేపు, గుమ్మం అటేపు." సన్యాసమ్మ సంబరంగా లేచి, కుండలు పక్కకు జరిపి, గోనెపట్టా తనచేత్తో ఎత్తి మరీ చూపించింది. గంగాధరరావు జేబులోంచి టేపు తీశాడు. భీమశంకరరావు గారి గేటుకి ఎదురుగా, అంగుళం తేడా లేకుండా సరిపోయింది. చరిత్రా, పోర్టికోవూ ఇంత చక్కగా ఒకే గీతమీదికి రావడం చాలా అరుదు.

వారసుల అంగీకారపత్రం కూడా అప్పటికప్పుడు జిరాక్సు షాపులో తయారైంది. పెద్దవాళ్ల సాయంత్రం బడిలో నేర్చుకున్న సంతకాన్ని సన్యాసమ్మ మూడు కాపీలమీదా వంకర లేకుండా పెట్టింది. ఆ రోజు అంబలి తాగినవాళ్లెవరి దగ్గరా ఆమె డబ్బులు తీసుకోలేదు. "మా తాతకి బొమ్మెడతన్నారు, తాగండి బాబూ" అంది, ముంత మీద ముంత ముంచి పోస్తూ.

ఆ తరవాత జీవితచరిత్ర కావలసివచ్చింది. ఆయన చేసిన గొప్ప పనులేవో చెప్పమని గంగాధరరావు కాగితం, పెన్నూ పట్టుకుని కూర్చున్నాడు.

"గొప్పేటి బాబూ, అరబరుకాడ మన్ను తట్టలు మోసినాడు. ఈడ పాకేస్తే పోలీసోళ్లొచ్చి పీకేసినారు. మల్లీ ఏసినాడు. మల్లీ పీకేసినారు. మూడుసార్లు పీకినారు, నాలుగుసార్లు ఏసినాడు. తరవాత ఎవులొచ్చినా, పక్కన ఏసుకోండి అన్నాడు. ఆడికి సొంతమైతేగా ఒద్దనడానికి!"

కరపత్రంలో ఇదంతా కొద్దిగా సర్దుకుంది. తెల్లదొరల పోలీసులను నాలుగుసార్లు ఎదిరించిన సమరయోధుడు, నగర నిర్మాత, దార్శనికుడు, అన్నదాత అని వచ్చింది. పాక పీకడం లాంటివి శుభమా అని విగ్రహం పెడుతున్నప్పుడు బాగుండవు కాబట్టి తీసేశారు. మన్ను తట్ట కూడా తీసేశారు. సన్యాసమ్మ మాత్రం తట్ట దగ్గర పట్టుబట్టింది. శిల్పి కొండలరావు షెడ్డుకి ఆమెను తీసుకెళ్లినప్పుడు, వరసగా నిలబెట్టిన తలల్లేని మొండేలను చూసి కాసేపు భయపడి, తేరుకుని అడిగింది.

"మా తాత నెత్తిమీద తట్టెట్టు బాబూ. ఆడు తట్ట దించగా నాను సూడలేదు."

"తట్ట మౌల్డు లేదమ్మా. పుస్తకం ఉంది, చేతికర్ర ఉంది, చెయ్యెత్తింది ఉంది. ఏది కావాలో సెప్పు."

"ఆడికి సదువు రాదు బాబూ."

"బొమ్మకి రావాలమ్మా!" అన్నాడు కొండలరావు. అది అతని ముప్పయ్యేళ్ల అనుభవం.

అలా నిరక్షరాస్యుడైన అప్పలసూరికి చేతిలో పుస్తకం, జరీ పంచె, భుజాన కండువా, కాళ్లకు బూట్లూ అమరాయి. ఇక మిగిలింది ముఖం. ఫొటో లేదు కదా! ముక్కూ దవడా అచ్చం తాతవేనని చిన్నప్పుడు తల్లి అనేదని సన్యాసమ్మ నోరుజారింది. కొండలరావు ఆమెను అటు తిప్పీ ఇటు తిప్పీ సెల్‌ఫోనులో పన్నెండు ఫొటోలు తీసుకున్నాడు. మీసం తరవాత అతికించాడు. శిల్పకళ గురించి పుస్తకాలు రాసేవాళ్లు ఈ పద్ధతిని గమనించాలని నా మనవి.

దిమ్మె లేచింది. దిమ్మెమీద అప్పలసూరి లేచాడు. వెంటనే ఎన్నికల కోడ్ వచ్చింది! నిబంధన ప్రకారం ఆయనకు నెత్తి నుంచి బూట్లదాకా నీలిరంగు టార్పాలిన్ చుట్టి తాళ్లు కట్టారు. కోడ్ అయ్యాక ముఖ్య అతిథిగారికి తీరిక దొరకలేదు. తీరిక దొరికాక ముహూర్తం దొరకలేదు. నాలుగు నెలలు ఆయన మూటలాగే నిలబడ్డాడు.

దీన్ని కూడా కొందరు వెక్కిరించారు. వాళ్లకి తెలియదుగానీ, ముసుగులో ఉన్న విగ్రహమే అన్నిటికంటే ఉత్తమమైనది! లోపల ఎవరున్నారో తెలియకపోవడం వల్ల మూడు పార్టీలవాళ్లూ ప్రచారానికి వచ్చి ఆ మూటకే దండలు వేసి వెళ్లారు. ఒకాయన 'నా గురువు' అన్నాడు. ఇంకొకాయన 'మా సామాజిక వర్గం గర్వించదగ్గ బిడ్డ' అన్నాడు. ముసుగు తీస్తేగా తగువులు!

ఆ నాలుగు నెలలే సన్యాసమ్మకి సుఖం. దిమ్మె కింది మెట్టుకు చేరగిలబడి అంబలి అమ్మింది. నడుముకి ఆనుకోవడానికి జీవితంలో మొదటిసారి ఏదో దొరికింది. బేరం లేనప్పుడు తల పైకెత్తి, "ఉక్కగుందేటి తాతా? ఇంకొన్నాల్లు ఓర్సుకో. మినిస్టరొత్తన్నాడు, గుడ్డ ఇప్పేత్తాడు" అని టార్పాలిన్‌తో మాట్లాడేది. ఆమె అంత సంతోషంగా ఉండటం ఎ-షిఫ్టువాళ్లు ఎప్పుడూ చూడలేదు.

ఈలోగా ఎర్రగీతలు గీసిన సర్వేయరు మళ్లీ వచ్చాడు. దిమ్మె చుట్టూ ఒకసారి నడిచి, మూటకేసి చూసి, టేపు చుట్టేసి లోపల పెట్టుకున్నాడు. వారం తిరిగేసరికి రోడ్డు వంగింది. అవతలివైపు పేట చివరిదాకా ఉన్న పాతగోడౌను ప్రహరీ వైపుకి జరిగింది. గోడౌను ఓనరు ఎక్కడో దూరంగా ఉంటాడు కాబట్టి ఆయనకు బాధ తెలియలేదు. భీమశంకరరావు గారు గోడమీది ఎర్రగీతకి తనే రెండు కోటింగులు సున్నం కొట్టుకుని, సింహాలకు బంగారు రంగు వేయించారు. కమిటీలో అందరి గీతలూ చెరిగిపోయాయి. చెరపడానికి సన్యాసమ్మకి గీత లేదు. గీత గియ్యాలంటే గోడైనా ఉండాలి కదా!

ఆవిష్కరణ ఎంత ఘనంగా జరిగిందో వర్ణించలేను. షామియానా, మైకు, తప్పెటగుళ్లు, మజ్జిగ ప్యాకెట్లు. వారసురాలు లేకపోతే సభకు నిండుదనం ఉండదని సన్యాసమ్మని స్టేజీమీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. ముఖ్య అతిథిగారు ఆమెకు శాలువా కప్పి, రెండు చేతులూ పట్టుకుని ఫొటో దిగారు. తరవాత మైకందుకున్నారు.

"అప్పలసూరి గారు ఎవరినీ పొమ్మనలేదు! చోటులేని ప్రతివాడికీ తన పక్కనే చోటిచ్చారు! ఆ మహానుభావుడి ఆదర్శాన్ని మనమందరం పాటించాలి!"

చప్పట్లు మారుమోగాయి. అందరికంటే ఎక్కువసేపు కొట్టింది భీమశంకరరావు గారు. తాళ్లు లాగారు, టార్పాలిన్ జారింది. జనం విగ్రహం ముఖం చూశారు. తిరిగి స్టేజీమీద సన్యాసమ్మ ముఖం చూశారు. మళ్లీ విగ్రహాన్ని చూశారు. మీసమొక్కటే తేడా. వెనక వరసల్లో నవ్వులు పుట్టాయి. సన్యాసమ్మకి ఆ నవ్వులు వినపడలేదు. తాతని చూసుకుంటూ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

మర్నాడు పొద్దున్న ఆమె కుండలతో వచ్చేసరికి దిమ్మె చుట్టూ పదడుగుల మేర ఇనప రెయిలింగు ఉంది. దానికి బోర్డు ఉంది. 'మహనీయుని పరిసరములలో కూర్చొనుట, వ్యాపారములు చేయుట నిషేధం.' ఎ-షిఫ్టు కుర్రాడొకడు చదివి చెప్పాడు. సన్యాసమ్మ కుండలు రోడ్డుమీదే దించి, భీమశంకరరావు గారి గేటు దగ్గరికి వెళ్లింది.

"ఇదేటి బాబూ? నానెక్కడ కూకోవాల?"

భీమశంకరరావు గారు మొహం చాటేయలేదు. చెప్పాను కదా, ఆయన చెడ్డవారు కారు. "అది కాదమ్మా, విగ్రహం కింద బేరాలుంటే ఎన్‌క్రోచ్‌మెంట్ అంటారంటండి. అలా రాసేస్తే విగ్రహానికే మోసం వస్తుంది. విగ్రహం పోతే మళ్లీ మా అందరికీ..." అని ఆగి, మాట మార్చారు. "అయినా మీ తాతగారి పరువు చూసుకోవద్దామ్మా? ఆయన కాళ్లదగ్గర అంబలి ముంతలు కడిగితే ఏం బాగుంటుంది చెప్పండి?"

"మా తాత అంబలి తాగే బతికినాడు బాబూ."

"అది అప్పుడమ్మా. ఇప్పుడు ఆయన పెద్దమనిషి కదండీ!"

"ఈ జాగా నానే కదా బాబూ సూపించినాను. నా సేత్తో పట్టా ఎత్తి సూపించినాను. నాను సూపించకపోతే మీకు తెల్సునా?"

 భీమశంకరరావు గారు లోపలికి వెళ్లి ఒక పాత ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, తీసుకెళ్లమన్నారు. సన్యాసమ్మ కుర్చీకేసి చూసింది. "కుర్సీ ఎట్టుకోడానికి సోటుండాల కదా బాబూ" అని కుండలెత్తుకుంది. పొద్దున్న ఆరున్నర దాటింది. ఆ రోజు ఎ-షిఫ్టు ఖాళీ కడుపుతో వెళ్లింది.

ఇక్కడ కొందరు పాఠకులు కళ్లు తుడుచుకుంటున్నట్టున్నారు. దయచేసి ఆపండి! కాస్త నిష్పక్షపాతంగా ఆలోచించండి. చోటిచ్చినవాడికి చోటిచ్చాం. సొంత కాగితం ముక్కలేని మనిషికి ఇనప రెయిలింగుతో సహా పదడుగుల స్థలం, నాలుగు నెలల్లో, ఒక్క అర్జీ లేకుండా! బతికుండగా ఆయన నాలుగుసార్లు పాక వేసి సాధించలేనిది ఒక్కసారి సిమెంటుతో సాధించాడు. ఇంకా ఆయన మనవరాలికి కూడా చోటివ్వాలంటే, రేపు అప్పలసూరి పక్కన పాక వేసుకున్నవాళ్ల మనవలందరూ వచ్చి అడగరా? ఎక్కడో ఒకచోట గీత గియ్యాలి కదా! మనం రెయిలింగు దగ్గర గీశాం.

సన్యాసమ్మకి ఇంత తర్కం తెలియదు. రెండురోజులు రేకుల గదిలో పడుకుంది. మూడోరోజు ఆకలేసింది. లేచి, కుండలు నెత్తినెత్తుకుని, పేట చివరికంటా నడిచింది. అక్కడ కొత్తరోడ్డు మలుపులో, కొట్టేసిన గోడౌను ప్రహరీకి వెనక, మురిక్కాలవ పక్కన, ఎవరికీ అక్కర్లేని మూల ఒకటుంది. చెత్త, గాజుపెంకులు, మోకాలెత్తు ముళ్లకంప. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఒక్కతే ఆ కంప కొట్టింది. పెంకులేరి పారేసింది. గోనెపట్టా పరిచి, రెండు కుండలూ దించింది.

మొదటివారం పదిమంది వచ్చారు. రెండోవారానికి ఎ-షిఫ్టు మొత్తం అక్కడికే నడిచి వచ్చింది. వాళ్లకోసం షేర్ ఆటోలు విగ్రహం దగ్గర ఆగడం మానేసి మలుపు దగ్గర ఆగడం మొదలుపెట్టాయి. యారాడ నుంచి వచ్చే ఒకామె సన్యాసమ్మని అడిగి పక్కనే ఎండుచేపల తట్ట దించింది. సైకిలుకి పంచర్లు వేసేవాడొకడు రెండు టైర్లు వేలాడదీశాడు. "నాదైతేగా ఒద్దనడానికి" అంది సన్యాసమ్మ. నెల తిరిగేసరికి అక్కడ ఐదు గోనెపట్టాలయ్యాయి. ఆమె ముఖంలో మళ్లీ కొంచెం నవ్వు కనిపించింది. ఇదంతా అక్రమమే, నేను సమర్థించడం లేదు.

మొన్న సోమవారం పొద్దున్న గాజువాక నుంచి ఒక షేర్ ఆటో వచ్చి మలుపులో ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి గట్టిగా కేకేశాడు.

"సన్యాసమ్మ జంక్సన్! సన్యాసమ్మ జంక్సన్ దిగేవోల్లు దిగండీ!"

అందరూ నవ్వారు. పంచర్లవాడు ఈల వేశాడు. సన్యాసమ్మ మాత్రం అంబలి పోస్తున్న ముంత వదిలేసి, పరుగెత్తుకెళ్లి ఆటో కమ్మీ పట్టుకుంది.

"ఒరే బాబూ, నా పేరెత్తకురా! నీకు దన్నమెడతాను, నా పేరెట్టకండ్రా. పేరెట్టినోల్లు బొమ్మెడతారు. బొమ్మెట్టినోల్లు లెగమంటారు. ఇంకేదైనా పేరెట్టండి, మురిక్కాలవనండి, సెత్తకుప్పనండి. నానిక్కడ ఇంకొన్నాల్లు కూకోవాలరా!"

ఆటోవాడు అదేదో సరదా అనుకుని నవ్వాడు. మర్నాడు పొద్దున్న వచ్చేటప్పటికి ముందు అద్దం మీద ఆ పేరు ఎర్రరంగుతో రాయించుకుని వచ్చాడు.